నొక్కించినవాడి వాటా

తెర మీద వేలు పెట్టి నొక్కింది మీరే. ఆ నొక్కుడుతో మీ డబ్బు పోతే, ఆ తెరను గీసినవాడికి అందులో వాటా ఉందా, లేదా? యాప్‌లకు స్క్రీన్లు డిజైన్ చేయడం నా ఉద్యోగం. మాదాపూర్‌లో మా మీటింగుల్లో ఈ ప్రశ్న ఎత్తితే వచ్చే జవాబు ఒక్కటే: "యూజరే ఓకే కొట్టాడు కదా మేడమ్!" మన చేతికి మట్టి అంటలేదని దాని భావం.

మన పెద్దలు ఈ సాకును ఒప్పుకోలేదు. చేసినవాడు, చేయించినవాడు, పురికొల్పినవాడు, సరేనన్నవాడు, ఈ నలుగురికీ పాపమైనా పుణ్యమైనా సమంగా చెందుతుందన్నారు. మా నాన్నగారు సంస్కృతం మాస్టారు. పిల్లలం ఒకరి మీదకి ఒకరం నేరం నెట్టుకుంటుంటే ఈ లెక్క తీసి అందరినీ వరసగా నిలబెట్టేవారు. అదే లెక్కలో మా ఆఫీసును నిలబెడితే, స్క్రీన్ గీసిన నేను, టార్గెట్ పెట్టిన మేనేజరు, ఫైలు మీద సరేనన్న పెద్దాయన ఒకే వరసలో ఉంటాం.

టికెట్ బుకింగ్ సంగతే చూడండి. ఇన్సూరెన్స్ గడిలో ముందే టిక్కు పెట్టి ఉంటుంది. తీసేయబోతే రెండు బటన్లు ఎదురవుతాయి. ఒకటి పచ్చగా, నిండుగా: "అవును, నా ప్రయాణానికి రక్షణ కావాలి." రెండోది బూడిదరంగులో, చిన్న అక్షరాల్లో: "వద్దు, నేను రక్షణ లేకుండానే వెళ్తాను." మా అమ్మ వయసువాళ్లు ఆ రెండో మాట చదివి ఒక్క క్షణం జంకుతారు. ఆ జంకు మీదే వ్యాపారం నడుస్తుంది. ఇలాంటి ఎత్తుగడలకు హ్యారీ బ్రిగ్నల్ అనే బ్రిటిష్ డిజైనర్ 2010లో డార్క్ ప్యాటర్న్స్ అని పేరు పెట్టాడు. మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో వాటిలో 13 రకాలను పేరుపేరునా చెప్పి కూడదంది. సిగ్గుపడేలా మాట అని ఒప్పించడం, అడక్కుండా బుట్టలో సరుకు వేయడం, చేరడం తేలికగానూ మానుకోవడం పద్మవ్యూహంగానూ పెట్టే సబ్‌స్క్రిప్షన్ ఉచ్చు, అన్నీ ఆ పట్టీలో ఉన్నాయి.

"ఇందులో అబద్ధమేముంది? అంతా స్క్రీన్ మీదే రాసి ఉందిగా" అంటారు. ధర్మరాజు చెప్పిందాంట్లో మాత్రం అబద్ధమేముంది? అశ్వత్థామ చనిపోయాడని ద్రోణుడికి వినబడేలా అన్నాడు. ఏనుగు అన్న మాట గొణిగాడు. రెండూ కలిపితే అక్షరాలా నిజమే. అయినా అంతదాకా నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచిన ఆయన రథం ఆ పూట నేలకు దిగింది. గట్టిగా ఒకటి చెప్పి, అసలు సంగతి గొణిగితే నిజం కూడా మోసానికి పనిముట్టవుతుంది. ఆ గొణుగుడును కొలిచే సాధనం మా వృత్తిలో ఉంది. వెబ్ ప్రమాణాల ప్రకారం మామూలు సైజు అక్షరానికీ దాని వెనక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలి. తెల్లటి తెర మీద లేత బూడిద అక్షరాలు 3:1 కూడా అందుకోవు. నెలనెలా డబ్బు కోసుకుంటామన్న షరతును ఆ రంగులో రాసినవాడు ఏనుగు మాట గొణిగినవాడే.

దీనికి గట్టి ఎదురువాదం ఒకటుంది. కోఠీలో చీరల కొట్టువాడు కూడా "ఇదే ఆఖరి పీసమ్మా" అంటాడు, అది తప్పు కానప్పుడు ఇది ఎలా తప్పని. కొట్టువాడి ముఖం మనకు కనబడుతుంది. మాటకు మాట అనొచ్చు, బేరమాడొచ్చు, చీర అక్కడే పడేసి లేచి రావొచ్చు. యాప్‌లో మన ఎదుట ఎవరూ ఉండరు. పైగా అక్కడ ఏ/బీ టెస్టింగ్ అని ఒక పద్ధతి నడుస్తుంది. సగం మందికి ఒక స్క్రీన్, మిగతా సగానికి ఇంకో స్క్రీన్ చూపిస్తారు. ఎక్కువ అమ్మింది నిలుస్తుంది, రెండోది పోతుంది. ఇలా పోటీ మీద పోటీ పెడుతూ పోతే చివరికి మిగిలేది, చాలాసార్లు, మనిషి ఎక్కువగా తడబడే స్క్రీన్. దాన్ని చూపించి "ఎవరు మోసం చేద్దామనుకున్నారు?" అని అడిగితే ఎవరూ చెయ్యెత్తరు. నిజంగానే ఎవరూ అనుకోలేదు. అంకె అలా వచ్చిందంతే. సంకల్పం లేని పాపానికి కర్త ఎవరన్న చిక్కుప్రశ్న ఇక్కడ పుడుతుంది. నాకు తోచిన జవాబు ఇది: అంకెకు పాపం లేదు. ఆ అంకె ఎందుకు పెరిగిందో తెలిసి కూడా సరేనన్నవాడికి ఉంది. పెద్దలు నాలుగో వాటా పెట్టింది అలాంటివాడికే.

మోసం సంగతి అలా ఉంచితే, ఏమీ చేయకపోవడం వల్ల అంటుకునే దోషం ఇంకొకటుంది. నిత్యకర్మ చేస్తే ప్రత్యేకంగా ఫలం రాదు, మానేస్తే మాత్రం ప్రత్యవాయం, అంటే దోషం, అంటుతుందని శాస్త్రకారులు చెబుతారు. యాప్‌ను అందరూ వాడగలిగేలా చేయడం సరిగ్గా అలాంటి పని. చేస్తే ఎవరూ చప్పట్లు కొట్టరు, అమ్మకాల పటంలో గీత లేవదు.

చూపులేని ఒకాయన మా దగ్గర యాప్‌లు పరీక్షించడానికి వస్తుంటారు. ఆయన ఫోన్‌లో టాక్‌బ్యాక్ తెర మీద ఉన్నది చదివి వినిపిస్తుంది. ఓసారి బయటి యాప్ ఒకటి తెరిచి పక్కకు జరుపుకుంటూ పోయారు. "లేబుల్ లేని బటన్. లేబుల్ లేని బటన్. లేబుల్ లేని బటన్." ఆ మూడింటిలో ఒకటి డబ్బు కట్టేది, ఒకటి రద్దు చేసేది. "ఏది నొక్కమంటారమ్మా?" అన్నారాయన నవ్వుతూ. ఒక్కో బటన్‌కు రెండు మాటలు రాస్తే తీరిపోయే పని అది. తెలుగుకు ఇంకో తిప్పలుంది. ఇంగ్లిష్ అక్షరాల ఎత్తుకు కొలిచిన బటన్‌లో మన ఒత్తులు తెగిపోతాయి. "రద్దు"లో ద ఒత్తు ఎగిరిపోయి "రదు" మిగులుతుంది.

ఆన్‌లైన్‌లో బ్యాంకు ఖాతా తెరవబోతే కెమెరా ముందు కన్ను ఆర్పమంటారు. యాసిడ్ దాడిలో కళ్లూ ముఖమూ దెబ్బతిన్న ప్రజ్ఞా ప్రసూన్ అది చేయలేకపోయారు. ఆమెను ఆపాలని ఆ నిబంధన రాసినవాడు అనుకుని ఉండడు. ఆమెలాంటి మనిషి ఒకరుంటారన్న ఊహే అతనికి రాలేదు. ఆమె వేసిన కేసులో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనంది. కేవైసీని, అంటే ఖాతాదారు ఎవరో నిర్ధారించుకునే ఆ తనిఖీని, అందరికీ అందేలా మార్చమని 20 ఆదేశాలు ఇచ్చింది. ఊహించకపోవడమూ తప్పేనని తేలడానికి ఒక బాధితురాలు కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

చట్టం 13 ఎత్తుగడలను పట్టుకుంది. పద్నాలుగోదాన్ని మా వృత్తిలోనే ఎవరో ఇవాళ గీస్తూ ఉండొచ్చు. దాన్ని ఆపగలిగేది ఆ గదిలో ఉన్న మనుషులు మాత్రమే. అందుకే స్క్రీన్లకు సరే చెప్పే పెద్దలకు నా విన్నపం ఒక్కటే. సంతకం పెట్టేముందు టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని, మీ యాప్‌లో మీ సొంత సబ్‌స్క్రిప్షన్ మీరే రద్దు చేసి చూడండి. మీ వల్ల కాకపోతే సంతకం పెట్టకండి.