మూసిన బీరువా

దుర్వాసనను పోగొట్టుట వేఱు. దానిని మఱుగుపఱచుట వేఱు. ఈ భేదమును మాటలయం దంగీకరింపనివారు లేరు. ఆచరణమునందు మాత్రము మనలో ననేకులము రెండవదానినే మొదటిదిగా నెంచి తృప్తి నొందుచున్నాము. ఇది గృహకృత్యములకు మాత్రమే చెందిన విషయము గాదని మేము స్వానుభవమువలన నేర్చుకొంటిమి.

మా యింట నుత్తరపుగోడలో నొక బీరువా కలదు. శ్రావణమాసపు ముసురులో దాని తలుపు తెఱచినప్పుడెల్ల ముక్కవాసన గుప్పున గొట్టుచుండెను. మేము సాంబ్రాణి వేసితిమి, కర్పూర ముంచితిమి, అంగడినుండి కలరా ఉండలు తెచ్చి మడతల నడుమ వేసితిమి. రెండుదినములు పరిమళము, మూడవదినమున మరల నా వాసనయే.

కారణము విచారింపక చేసిన చికిత్స యింతకంటె ఫలింపదు. బూజు బీజములు గాలియం దంతటను గలవు. వానిని లోకమునుండి వెడలగొట్టుట యెవ్వరి తరమును గాదు. అవి చెమ్మ దొరికినచోట మొలచును, దొరకనిచోట నూరకుండును. గాలి మోయగల తేమలో నూటికి 60 పాళ్లకు లోబడియున్నంతకాలము బూజు సాధారణముగా వృద్ధి నొందదు. వానకాలమున మన సముద్రతీరపు టూళ్లలో నది 80 పాళ్లు దాటుట సామాన్యము. మనకు దోచు వాసన, పెరుగుచున్న బూజు విడిచెడి యావిరియే. కలరా ఉండ పురుగులను బాఱద్రోలవచ్చును గాని చెమ్మను ద్రాగదు.

కావున నొకనాడు బీరువాను బూర్తిగా ఖాళీచేసితిమి. మిద్దెమీది వాననీటి గొట్టము పగిలి నీరు గోడలోనికి దిగుచుండెను. గొట్టమును బాగుచేయించి, ముక్కునకు గుడ్డ కట్టుకొని, సబ్బునీట దడిపిన గుడ్డతో బూజును దుడిచితిమి. పొడిచీపురుతో దులిపినచో బీజములు గదియంతయు వ్యాపించును. వాన వెలసిన దినములలో తలుపులు తెఱచియుంచి, గోడ యారిన పిదపగాని బట్టలు మరల బెట్టలేదు.

ఇంతటితో గథ ముగిసినచో నీ వ్యాసము వ్రాయ నవసర ముండెడిది కాదు. అడుగు అరలో నాలుగు నూలుదుప్పట్లు బయటపడెను. గడచిన మార్గశిరమున మా యింట నంట్లు తోము నామె తన బిడ్డకొక దుప్పటి యడిగియుండెను. లేవని చెప్పితిమి. అబద్ధ మాడితిమని యప్పుడు దోపలేదు. ఉన్నవన్న జ్ఞాపకమే మాకు లేదు. ఇప్పు డా దుప్పట్లను పెరటిలో నెండవేసిన దామెయే. రెంటిమీద నల్లని మచ్చలు, పట్టుకొన్నచోట చినిగినవి. "ఇవి ఎప్పటివమ్మగారూ?" అని మాత్ర మడిగెను. మేము ప్రత్యుత్తర మీయలేకపోతిమి.

ముందుజాగ్రత్తతో వస్తువులు దాచుట దోషమా యని కొంద రడుగవచ్చును. దోషము గాదు. కాని దాచినవాడు తాను దాచినదాని నెఱిగియుండవలెను. అప్పుడప్పుడు వెలుతురునకు దీసి చూడవలెను. ఇతరుల యవసరము వచ్చినప్పుడు దానిని దలచుకొనవలెను. ఈ మూడును లేని దాపఱికము జాగ్రత్త గాదు, మఱపునకు వేసిన తాళము. అట్టిచో వస్తువు మనకును గాక, పరులకును గాక, బూజున కాహార మగుచున్నది.

మన సంసారములలోను నిట్టి బీరువాలు గలవు. కోడలి కన్నీటిమీద పరువను తాళము, అన్నదమ్ముల లెక్కలలోని యన్యాయముమీద గౌరవమను తాళము వేసి, పండుగనాడు పన్నీరు చల్లి యతిథులను బిలుచుచున్నాము. పన్నీరు చల్లుట తప్పు గాదు. శుభ్రపఱచిన యింట నది మర్యాద. శుభ్రపఱచని యింట నది మోసము. అతిథి మోసపోవచ్చును గాని, ఆ యింట నివసించువారు రాత్రింబవళ్లు నా గాలినే పీల్చవలయును గదా!

తలుపు తెఱచినదినమున వాసన హెచ్చుగ దోచును. ఆ భయముచేతనే యనేకులు తెఱువరు. కాని యా హెచ్చు దినముల పని. మూసియుంచినచో నది తరముల పని.

మిగిలిన రెండు దుప్పట్లను నుదికించి యామె కిచ్చితిమి. దానిని దానముగా లెక్కపెట్టుకొనుటకు మాకు మన సొప్పలేదు. ఆలస్యముగ దీర్చిన బాకీగానే యెంచుకొంటిమి.