దాచిన నొప్పి

సంతలో ఎద్దును కొనబోవువాడు మొదట దాని పండ్లు చూచును, సుడులు చూచును, పిమ్మట నాలుగడుగులు నడిపించి గిట్ట ఎట్లు మోపుచున్నదో కనిపెట్టును. ఎద్దును ఎవరును ఏమియు అడుగరు. మనుష్యుని పరీక్షించునప్పుడు మాత్రము అతనినే అడుగవలసియున్నది: ఇక్కడ నొప్పిగా నున్నదా? నిజము చెప్పినచో జీవనాధారము చేజారిపోవునని ఎరిగినవాడు, నొప్పి లేదని చెప్పిన యెడల అది పాపమగునా? ఈ నెల మేము ఈ ప్రశ్నను మీ యెదుట పెట్టుచున్నాము. ఇందుకు మేమెంచుకొనిన ఉదాహరణ మన యూళ్లది కాదు. అమెరికా దేశములో జీతమునకు బంతియాట ఆడు ఒక జట్టుది. చదువరులు కొంచెము ఓర్చుకొనవలెనని మనవి.

బాస్కెట్‌బాల్ ఆటను మన పిల్లలలో కొందరు పాఠశాలలలో ఆడియే యుందురు. పక్షమునకు ఐదుగురు. పది అడుగుల ఎత్తున బిగించిన ఇనుప వలయములో బంతిని వేయవలెను. వలయము అంత ఎత్తున నున్నది గనుక పొడుగువానికి విలువ ఎక్కువ. అమెరికాలోని పెద్ద జట్లు ఏటేట క్రొత్తగా వచ్చు యువకులను వంతులచొప్పున ఏరుకొనును. దీనిని డ్రాఫ్టు అందురు. 1947 నుండి ఇది జరుగుచున్నది. యువకుడు జట్టును కోరుకొనుట లేదు. జట్టే అతనిని కోరుకొనును. గడచిన యేట ఎక్కువగా ఓడిన జట్లకే ముందు వంతు. కడపటివారిని ముందు నిలుపు ఈ ఏర్పాటు మన చెవులకు ఇంపుగానే యున్నది. అయితే ముందు వంతుకొరకు కొన్ని జట్లు కావలెననియే ఓడుచున్నవని అపవాదు పుట్టగా, 1985 నుండి చీట్లు వేసి తేల్చవలసివచ్చెను. ఎంత మంచి కట్టుబాటునైనను మనుష్యుడు వంకరగా వాడుకొనగలడు!

ఒరెగాను రాష్ట్రములోని పోర్ట్‌ల్యాండ్ నగరమునకు 1970లో ఒక జట్టు ఏర్పడెను. దాని పేరు ట్రెయిల్ బ్లేజర్స్, అనగా క్రొత్త బాట వేయువారు. ఈ జట్టు చేసిన ఎంపికలను గూర్చి ఆ దేశపు జనులు నేటికిని నవ్వుతాలుగా చెప్పుకొందురు. ముఖ్యముగా 1984వ సంవత్సరపు ఎంపికను గూర్చి.

ఆ యేడు పోర్ట్‌ల్యాండ్ ఓడిన జట్టేమియు కాదు. 48 ఆటలు గెలిచినది. అయినను 1981లో టామ్ ఓవెన్స్ అను ఆటగానిని ఇండియానా జట్టునకిచ్చి, అందుకు బదులుగా వారి 1984వ యేటి వంతును సంపాదించుకొనియుండెను. ఇండియానావారు ఆ యేడు ఘోరముగా ఓడిరి. అందుచేత ఆ వంతు మిక్కిలి విలువగలదాయెను. మొదటి వంతు ఎవరిదని నాణెము ఎగురవేయగా హ్యూస్టన్ జట్టు గెలిచి, నైజీరియా దేశస్థుడైన హకీమ్ ఒలాజువాన్‌ను తీసికొనెను. రెండవ వంతున పోర్ట్‌ల్యాండ్‌వారు కెంటకీ విశ్వవిద్యాలయములో చదివిన శామ్ బోవీని తీసికొనిరి. ఇతని ఎత్తు 7 అడుగుల 1 అంగుళము. మూడవ వంతున చికాగోవారు మైకేల్ జోర్డాన్‌ను తీసికొనిరి. జోర్డాన్ 1991కిని 1998కిని మధ్య ఆ జట్టును ఆరుమారులు విజేతగా నిలిపెను. అతనిని మించిన ఆటగాడు పుట్టలేదని చెప్పువారు అనేకులు.

కాబట్టి పోర్ట్‌ల్యాండ్‌వారు బుద్ధిహీనులని లోకము తీర్పు తీర్చినది. అంతటితో మేము ఏకీభవింపజాలము. 1983లోనే వారు పదునాలుగవ వంతున క్లైడ్ డ్రెక్స్‌లర్ అను వానిని తెచ్చుకొనియుండిరి. జోర్డాన్ ఆడు చోటనే అతడును ఆడును, అతడును గొప్పవాడాయెను. వారికి కొదువగా నున్నది వలయము దగ్గర నిలుచు పొడుగువాడే. ఇంటిలో రెండు నాగళ్లుండి ఎద్దు లేనివాడు మూడవ నాగలిని కొనునా? ఎత్తును చూచి ఏరుకొనుట వారికే కలిగిన బలహీనతయు కాదు. యెష్షయి పెద్దకుమారుడు ఎదుట నిలిచినప్పుడు ప్రవక్తయైన సమూయేలు సహితము ఎత్తును చూచి మోసపోబోయెను గదా.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చుచున్నాము. బోవీ కళాశాలలో నుండగా ఎడమకాలి పెద్దయెముక పగిలి రెండు సంవత్సరములు పూర్తిగా ఆటకు దూరమాయెను. పిమ్మట కోలుకొని ఆడెను. అయినను పోర్ట్‌ల్యాండ్‌వారు అనుమానపడి, అతనిని పిలిపించి సుమారు ఏడు గంటలసేపు వైద్యులచేత పరీక్ష చేయించిరి. వైద్యుడు చిన్న సుత్తితో ఆ యెముకమీద తట్టుచు నొప్పియున్నదా యని అడుగగా, ఏమియు లేదని అతడు చెప్పెను. వారు నమ్మి అతనిని ఏరుకొనిరి.

ఇరువది యెనిమిది సంవత్సరములు గడచెను. 2012లో ఆయన కథను గూర్చి ఒక చిత్రము తీయగా, అందులో బోవీ తానే ఈ సంగతి బయటపెట్టెను: సుత్తి తగిలినప్పుడు లోపల నొప్పిగానే యుండెను, లేదని చెప్పితిని, అది అబద్ధమైనను, తప్పైనను, తన ప్రియులకు అక్కరలున్నప్పుడు ఎవరైనను అట్లే చేసియుందురు. ఇది ఆయన మాటల సారాంశము. ఎవరును బలవంతము చేయలేదు. ఆ నొప్పి ఆయనకు తప్ప మరెవరికిని తెలియదు. చెప్పకుండ చనిపోయినను ఎవరును కనిపెట్టలేకపోవుదురు.

ఇది అబద్ధమా? అబద్ధమే. మేము దీనిని మెత్తని మాటలతో కప్పము. ఆయనయు పూర్తిగా కప్పలేదు. వినువారు తెలిసి ఎంచుకొను హక్కును ఆ ఒక్క మాట వారి చేతిలోనుండి తీసివేసెను. పెండ్లి సంబంధములలో జబ్బును దాచి పిల్లనిచ్చినవారిని మనమేమందుము? ఎవరైనను అట్లే చేసియుందురను మాటయు మాకు సమ్మతము కాదు. అందరు చేయుదురన్నంత మాత్రమున తప్పు ఒప్పు కాదు.

అయితే మేము ఇక్కడ ఆగితిమేని సుళువుగా తీర్పు తీర్చి లేచిపోయినవారమగుదుము. కరవులో ఐగుప్తునకు వెళ్లిన అబ్రాహాము ప్రాణభయముచేత భార్యను సహోదరి యనెను. లేఖనము దానిని దాచలేదు, పొగడలేదు, ఆ ఒక్క మాటనుబట్టి ఆయనను పారవేయను లేదు. మన సంఘములో కూలికి పోవుచున్న సహోదరుడు నడుము నొప్పిని మేస్త్రీకి చెప్పునా? చెప్పినచో మరునాడు పనికి పిలుపు రాదు. అతడు బరువు మోయుచునే యుండును. నిజము చెప్పినవానికి శిక్షయు, దాచినవానికి కూలియు దొరకునట్లు గుమ్మము కట్టినవారికి ఆ అబద్ధములో పాలు లేదా? ఉన్నదనియే మా అభిప్రాయము.

పోర్ట్‌ల్యాండ్ చరిత్రలోనే ఇందుకు మరియొక ప్రక్క కనబడుచున్నది. 1974లో వీరు మొదటి వంతున బిల్ వాల్టన్‌ను తీసికొనిరి. 1977లో అతని మూలముగానే ఈ జట్టు విజేతయైనది. అట్టి గౌరవము వారికి మరల నేటివరకు దొరకలేదు. మరుసటి యేడు ముఖ్యమైన పోటీలలో వాల్టన్ ఎడమపాదము నొప్పిపెట్టగా, నొప్పి తెలియకుండు సూదిమందు వేయించుకొని ఆడెను. తరువాత చూడగా పాదములోని యెముక విరిగియుండెను. జట్టువారు చూపిన వైద్యము అన్యాయమని అతడు ఒక యేడాది ఆడక కూర్చుండి, 1979లో వేరొక జట్టునకు పోయెను. వ్యాజ్యము కూడ నడిచి రాజీతో ముగిసెను. వెళ్లిపోయిన తీరు తగినది కాదని వాల్టన్ 2009లో ఆ నగరమువారిని క్షమాపణ వేడెను. 2024లో ఆయన మరణించెను. నొప్పిని సుత్తితో వెదకువారును, సూదితో మరపించువారును ఒకే వాకిట నుందురు. కొనకముందు నొప్పి దోషము, కొనిన తరువాత నొప్పి ఆటంకము. ఇట్టి చోట ఇరువదిమూడేండ్ల యువకుడు నోరు తెరచి నిజము చెప్పవలెనని కోరుట న్యాయమే గాని, చిన్న కోరిక కాదు.

నొప్పి తెలిసియు చేర్చుకొనిన సందర్భమొకటి కూడ ఉన్నది. లిథువేనియా దేశస్థుడైన అర్విదాస్ సబోనిస్‌ను వీరు 1986లో ఇరువదినాలుగవ వంతున ఏరుకొనిరి. ఆ దినములలో అది సోవియట్ రాజ్యములోనిది గనుక అతడు రాలేకపోయెను. కాలి మడమ పైని నరము తెగి బాధపడియు 1988లో ఒలింపిక్ పోటీలలో బంగారు పతకము గెలిచెను. తీరా 1995లో వచ్చునప్పటికి ముప్పది యేండ్లు, రెండు కాళ్లును చెడియుండెను. ఎక్స్‌రే చూచిన వైద్యుడు, ఇతనికి అంగహీనులకు కేటాయించు కారు నిలుపు చోటు ఇప్పించవచ్చుననెనట! అయినను తెలిసియే తీసికొనిరి. పరుగెత్తలేనివానిచేత పరుగెత్తించక, నిలిచినచోటనే బంతి అందించునట్లు ఆట నడిపిరి. ఏడు ఆటకాలములు అతడు వారికి ఉపయోగపడెను. తెలిసిన కుంటితనమునకు తగినట్లు పని మార్చుకొనవచ్చును. తెలియని నొప్పికి ఎవరు ఏమి చేయగలరు? బోవీ దాచినందువలన పోగొట్టుకొనినది ముఖ్యముగా ఇదియేనని మాకు తోచుచున్నది. ఆ రాత్రినుండి ఆ నొప్పి అతనిది మాత్రమే.

ఇంకను ఒక సంగతి గమనింపుడి. మొదటి యేడు బోవీ 76 ఆటలు ఆడి మెప్పు పొందెను. 1986 నవంబరులో అతని యెముక విరిగెను, అయితే అది కుడికాలిది. మరుసటి యేడు అదే కాలు మరల విరిగెను. సుత్తి తగిలినది ఎడమకాలికి! పోర్ట్‌ల్యాండ్‌లో అతడు ఆడినవి మొత్తము 139 ఆటలు. 1989లో న్యూజెర్సీ జట్టునకు పంపివేయబడెను. ఆ మార్పిడిలో వచ్చిన బక్ విలియమ్స్ తోడ్పాటుతో పోర్ట్‌ల్యాండ్ 1990లోను 1992లోను కడపటి పోటీవరకు వెళ్లెను. 1992లో వారిని ఓడించినది జోర్డానే. బోవీ మాత్రము 1995 వరకు వేరే జట్లలో ఆడుచునే యుండెను. పది యేండ్ల ఆటను వ్యర్థమనుట ఎట్లు?

అయినను అతనికి పెట్టిన పేరు పనికిరాని సరకని. ఆ పేరు అబద్ధమునకు పెట్టినది కాదు. అబద్ధము సంగతి అప్పటికి ఎవరికిని తెలియదు. ప్రక్కనున్నవాడు గొప్పవాడైనందుకు ఇతనికి పెట్టిన పేరది. 2007లో ఇట్లే జరిగెను. చీటిలో మొదటి వంతు పోర్ట్‌ల్యాండ్‌కు పడగా 7 అడుగుల గ్రెగ్ ఓడెన్‌ను తీసికొనిరి. రెండవ వంతున సియాటిల్‌కు పోయిన కెవిన్ డ్యురాంట్ 2014లో దేశమంతటిలో శ్రేష్ఠ ఆటగాడాయెను. ఓడెన్ ఒక్క ఆటయైనను ఆడకమునుపే మోకాలికి శస్త్రచికిత్స జరిగెను. 2012లో విడిచిపెట్టబడునప్పటికి అతడు ఆ జట్టునకు ఆడినవి 82 ఆటలు, అనగా ఒక్క యేటి లెక్క. తన్ను జనులు అందరికంటె విఫలుడైన ఎంపికగా జ్ఞాపకముంచుకొందురని ఆ యువకుడు తానే 2016లో చెప్పుకొనెను. మోకాలు చెడుట ఎవని పాపము? ఇట్టి మాట ఒక మనుష్యుని నోట పలికించినవారు ఏ సుత్తి చేతబట్టినవారు? పిమ్మట అతడు మానివేసిన చదువునకు మరల పోయి 2019లో పట్టము పుచ్చుకొనెను.

ఇంతకుమునుపు, 1972లో, మొదటి వంతున ఏరుకొనబడిన లరూ మార్టిన్‌కును ఇదే గతి పట్టినది. రెండవ వంతున బఫెలోకు పోయిన బాబ్ మెక్అడూ 1975లో శ్రేష్ఠుడాయెను. మార్టిన్ నాలుగేండ్లు ఆడి సామాన్యుడుగా ముగించెను. పిమ్మట పార్సెళ్లు మోయు ఒక పెద్ద కంపెనీలో బండి నడుపువాడుగా చేరి, పదవి వెంట పదవి ఎక్కి, సంఘసేవా వ్యవహారములు చూచు అధికారియాయెను. ఆ ఎంపికను గూర్చి వ్రాయువారిలో ఎక్కువమంది ఈ భాగమును విడిచిపెట్టుదురు.

బోవీ ఆట మానిన తరువాత కెంటకీలో పందెపు గుఱ్ఱముల పెంపకములో దిగెను. పందెములను మేము మెచ్చము, అది వేరు మాట. గుఱ్ఱములు పెంచువాడు ప్రొద్దున లేచి కాళ్లు తడిమి చూడవలసియుండును. వేడి యున్నదా, వాపు యున్నదా యని. తడిమినచోట నొచ్చినయెడల అది వెంటనే కాలెత్తివేయును.