మరమ్మతు కాయకము



పాల్కురికి సోమనాథుని జన్మభూమియైన మన పాలకుర్తిలో మహాశివరాత్రి జాతరనాడు ఒక లింగాయత యువకుడు నన్ను సమీపించి నమస్కరించెను. అతడు హైదరాబాదులో పాత రేడియోలను, చేతిగడియారములను కొని, బాగుచేసి, విక్రయించుచు జీవించుచున్నాడు. "సారూ, నా వ్యాపారము కాయకమగునా?" అని యడిగెను.

అగును, నాయనా. పాత వాల్వు రేడియోలోని కాగితపు కండెన్సర్లు కాలక్రమమున తేమకు చెడిపోవును. వానిని మార్చక కరెంటునకు కలిపినచో వాల్వులు, ట్రాన్సుఫార్మరు మాడిపోవచ్చును. ఒక్కొక్కదానిని ఓర్పుతో పరీక్షించి మార్చువాడు మూలబడిన వస్తువునకు మరల పలుకు నొసగుచున్నాడు. ఇంతకంటె కాయకమేమున్నది?

కాని యొక నియమము కలదు. హెచ్.ఎం.టి. సంస్థ 1961లో బెంగుళూరున చేతిగడియారముల తయారీ నారంభించెను. 2016లో ప్రభుత్వము ఆ గడియారముల సంస్థను మూసివేయ నిశ్చయించెను. తయారీ నిలిచిన వస్తువునకు గిరాకి హెచ్చుట సహజము. గిరాకివెంట మోసమును వచ్చినది. వెలిసిన డయలునకు రంగు వేసి, పేరు మరల అచ్చొత్తి, వేర్వేరు గడియారముల భాగములు కూర్చి, అసలు సరుకని అమ్మువారున్నారు. మా తండ్రిగారి జ్ఞాపకముగా నేను కొనిన 'జనతా' గడియారము అట్టిదే. అది కాలమును సరిగానే చూపుచున్నది. అమ్మినవాని మాటయే తప్పినది.

రంగు వేయుట దోషము కాదు, దాచుట దోషము. కావున ఏది పాతదో, ఏది మార్చినదో చీటీపై వ్రాసి కొనువాని చేతికిమ్మంటిని. "అట్లు వ్రాసినచో ధర సగమగును సారూ, ఇల్లు గడవవలెను గదా" అని అతడు వాపోయెను.

కల్యాణమున నేల రాలిన బియ్యమేరి దాసోహము చేయు ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి తెచ్చెను. ఇల్లాలు లక్కమ్మ అది చూచి, మిగులు బియ్యమును తెచ్చినచోటనే పోసి రమ్మనెను. ఆమె పేదరాలే, ఆ బియ్యము దొంగసొత్తును కాదు. ఐనను ఆశతో తెచ్చినది దాసోహమునకు తగదని యామె యెంచినది. నీ శ్రమకు, విద్యకు తగిన వెల నిస్సంకోచముగా నడుగుము. చీటీ వ్రాయుటచే తగ్గు సగము నీ శ్రమకు వెల కాదు, దాచిన మాటకు వెల.

ఉదయమున ఇష్టలింగమును నిలుపుకొన్న యరచేతనే పగలు గడియారమును పట్టుచున్నావు. ఆ చేయి యొకటే యని మరువకుము.

శరణు శరణార్థి.