కోటలోని రెండు శిలలు

వేలూరు కోట 16వ శతాబ్దంలో విజయనగర సామంతులైన నాయకులు కట్టించినది. 17వ శతాబ్దపు తొలినాళ్ళలో అరవీటి రాజులకు అది రాజధాని. రాతి ప్రాకారాలూ, నీటి కందకమూ నేటికీ నిలిచి ఉన్నాయి. కోటలోపల ప్రభుత్వ వస్తుప్రదర్శనశాల ఉన్నది. ఇటీవల మనుమరాలిని వెంటబెట్టుకొని దానిని చూడబోయినాను. ఒక వీరగల్లు ముందు ఆగి ఆ పిల్ల, “తాతయ్యా, దీనికి దణ్ణం పెట్టుకోవచ్చునా?” అని అడిగినది. నాకు వెంటనే సమాధానం తోచలేదు.

పోరులో ప్రాణమిచ్చిన వీరునికై ఊరివారు నిలిపిన రాయి అది. ఒకనాడు మొక్కులందుకొన్న రాయి నేడు చూపులను మాత్రమే అందుకొనుచున్నది.

అదే కోటలో జలకంఠేశ్వరాలయం ఉన్నది. శతాబ్దాలపాటు ఆ గుడిలో శిల్పసౌందర్యమే తప్ప దైవం లేదు. 1981లో భక్తులు సత్తువాచ్చారినుండి లింగాన్ని తెచ్చి పునఃప్రతిష్ఠ చేసినారు, నిత్యదీపం వెలిగినది. అయితే నూనె, పొగ, జనసమ్మర్దం పాతరాతికి మేలుచేయవు. భద్రపరచుట ధర్మమా? వాడుకొనుట ధర్మమా?

ప్రదర్శనశాలను నిందించుట న్యాయం కాదు. తనవారు మరచిన రాతికి అదే దిక్కు. కండి రాజ్యపు కడపటి ప్రభువు, నాయక్కర వంశీయుడైన శ్రీవిక్రమ రాజసింహుడు 1815లో రాజ్యం కోల్పోయి ఈ కోటలోనే బందీగా ఉండి 1832లో మరణించినాడు. ఆయన ఆడిన దంతపు చదరంగపు పలకను ఇక్కడ భద్రపరచినారు. ఆడువారు లేని పలకకు భద్రతకంటె ఎవరేమి ఈయగలరు? కాని తనవారు జీవించియుండగా ఒక వస్తువు ప్రదర్శనకే మిగిలినచో, ఆ లోపం ప్రదర్శనశాలది కాదు.

ఈ మాట అనుకొనగానే మా ఇల్లు జ్ఞాపకం వచ్చినది. మా తాతగారి భాగవతం పట్టుగుడ్డలో చుట్టి బీరువాలో ఉంచినాము. ఏటా సరస్వతీపూజనాడు పసుపు కుంకుమలు పెట్టుచున్నాము. మనుమరాలు తెలుగు చక్కగా మాట్లాడును. అక్షరం మాత్రం అరవమే ఎరుగును. పూజ జరిగినను ఆ గ్రంథం మా ఇంట వీరగల్లే అయినది. తరతరాలుగా పొరుగుసీమలలో స్థిరపడిన మనలో ఎందరి ఇండ్లలోనో ఇట్టి పట్టుమూటలు ఉండియుండును.

పిల్లకు అప్పుడు, “పెట్టుకో తల్లీ. కాని ముందు ఈయన ఎవరో తెలిసికొందాము” అన్నాను. ఇద్దరమూ ఆ రాతిప్రక్కనున్న వివరం చదివినాము. ఇంటికి వచ్చి ఆ రాత్రియే పట్టుమూట విప్పినాను. పుటల అంచులు పెళుసెక్కి ఉన్నాయి. వ్రేలు పెట్టి చూపినచో కొంత రాలవచ్చును. రాలినను సరియేనని మొదటి అక్షరం చూపినాను.