ఎవరి ప్రేరణ?

చాలా ఏళ్ల కిందటి మాట. విజయవాడలో ఒక సాహిత్య సభ. మాలో ఒకరు కవిత చదివి దిగారు. ముందు వరుసలోంచి ఒక పెద్దాయన లేచి, మంచి మనసుతోనే అడిగాడు: "బాగుంది బాబూ. ఇంతకీ మీకు ప్రేరణ ఎవరు?" అంతకు ముందు చదివిన కవిని అడిగిందీ ఆయనే. అతన్ని మాత్రం "మీకు ఈ స్ఫూర్తి ఎక్కణ్ణుంచి వచ్చింది?" అన్నాడు. రెండు ప్రశ్నలూ ఒకటేగా అంటారేమో. మాకలా అనిపించలేదు. పంజా సెంటర్ దాకా నడిచి వస్తూ దారి పొడవునా ఆ రెండు మాటలే అటూ ఇటూ తిప్పి చూసుకున్నాం.

స్ఫూర్తి లోపల మెరిసేది. అదిరేది, వెలిగేది. ప్రేరణ అంటే తోయడం. తోయడానికి ఒక చెయ్యి కావాలి. అది ఇంకాస్త సాగితే ప్రేరేపణ అవుతుంది. కేసు కాగితాల్లో, పత్రికల్లో మా పేర్ల పక్కన తరచూ కనిపించేది ఆ మాటే. ఆవేశం సంగతీ అంతే. ఒకరు కోపంగా రాస్తే విప్లవావేశం, మేం రాస్తే మతావేశం. వాళ్ల బాధకు లోపలి వెలుగు ఉంటుంది. మా బాధకు మాత్రం బయటి చెయ్యి ఎవరిదో చెప్పాలి. ఇది ఎంత అన్యాయం?

విజయవాడలో పత్రికా రచయితగా పనిచేసిన ఖాదర్ మొహియుద్దీన్ 1991లో 'పుట్టుమచ్చ' రాశారు. నింద పుట్టుమచ్చలా వెంట వచ్చిన మనిషి గోడు అది. ఆ తర్వాత 1992 డిసెంబర్ 6న అయోధ్యలో బాబ్రీ మసీదు కూలింది. 1998లో స్కైబాబ సంపాదకత్వంలో 'జల్‌జలా' వచ్చింది. వీటికి ప్రేరణ ఎవరని వెతికేవాళ్లు ఎక్కడెక్కడో వెతికారు. అద్దెకు ఇల్లు అడిగితే పేరు చెప్పగానే మూసుకునే తలుపును వెతకలేదు. క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజున మా ముఖాల్లోకి చూసే చూపును వెతకలేదు.

అయితే వాళ్లనడిగి ఊరుకుంటే సరిపోదు. మమ్మల్ని మేమూ అడుక్కోవాలి. మా ఇళ్లలో ఈ సంగతికి ఏ మాటలున్నాయి?

మా నానీకి చదువు రాదు. ఏదైనా మంచి పని చేసి, ఎందుకు చేశావంటే "అల్లా దిల్‌మే డాల్యా" అనేది. గుండెలో వేశాడట. పండితులు దీన్నే ఇల్హామ్ అంటారు. అరబ్బీలో ఆ మాట మూలం మింగడం నుంచి వచ్చింది. ఇల్హామ్ అంటే మింగించడం. తల్లి బిడ్డ నోట్లో ముద్ద పెట్టినట్టు. ఇక వహీ అంటే గుట్టుగా, చప్పున అందే సూచన. ప్రవక్తలకు అందిన వహీ వేరు, అది ముగిసిపోయింది. అందులో మాకు అనుమానం లేదు. కానీ ఖుర్ఆన్ ఆ మాటను ఒక్క ప్రవక్తలకే వాడలేదు. తేనెటీగకు కొండల్లో, చెట్లలో గూడు కట్టుకోమని అందింది వహీయే. మూసా తల్లికి బిడ్డను నీళ్లలో వదలమని అందిందీ వహీయే. 1977 దివిసీమ ఉప్పెన చూసిన మా తల్లులకు ఆ కథ వింటే గుండె ఝల్లుమంటుంది. నీళ్లకు బిడ్డను అప్పజెప్పడమంటే ఏమిటో వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఇంకో సంగతి ఉంది. దీన్ని మాలో చాలామంది చదివీ దాటిపోతారు. అన్ఆమ్ సూరాలో, షైతానులు తమ స్నేహితుల గుండెల్లో వాదాలు ఊదుతారన్న చోట కూడా అదే వహీ ధాతువు. షమ్స్ సూరాలో ఆత్మకు ఇల్హామ్‌గా అందింది మంచి ఒక్కటే కాదు, చెడు తెలివిడి కూడా. అంటే ఏమిటి? గుండెలోకి ఏదో వచ్చి పడినంత మాత్రాన అది పైనుంచే వచ్చినట్టు కాదు. వచ్చినదాన్ని పట్టి చూసే బాధ్యత మనిషిదే.

ఈ బాధ్యతను మన ఊళ్లు తమ పద్ధతిలో గుర్తుపెట్టుకున్నాయి. ముహర్రం వస్తే కృష్ణా డెల్టా పల్లెల్లో పీర్లు లేస్తాయి. పీరు ఎత్తుకునేది చాలా చోట్ల హిందువే. అతనికి పూనకం వస్తుంది. మాలో కొందరు దాన్ని బిద్‌అత్ అంటారు. ఆ తగువు ఇక్కడ తీర్చం. మేం గమనించింది ఒకటే. పూనినవాడు ఊగుతున్నంతసేపూ ఇద్దరు మనుషులు అటూ ఇటూ నిలబడి అతన్ని పట్టుకుంటారు. నిప్పుల గుండం దగ్గర మరీ గట్టిగా పట్టుకుంటారు. పూనకాన్ని గౌరవిస్తారు, అలాగని దాని మానాన దాన్ని వదిలెయ్యరు. మేం రాసేటప్పుడు మమ్మల్ని అలా పట్టుకునేవాళ్లు ఉన్నారా?

ఉర్దూ కవులు కవిత్వాన్ని రెండుగా చెప్పుకుంటారు. ఆమద్ అంటే దానంతట వచ్చింది. ఆవుర్ద్ అంటే కష్టపడి తెచ్చింది. వచ్చిందే గొప్పదని మామూలుగా అంటారు. 1893లో హాలీ ఆ మాటను ఒప్పుకోలేదు. సునాయాసంగా వచ్చినట్టు కనిపించేది కూడా ఎంతో ఆలోచించి, దిద్ది దిద్ది తెచ్చిందేనన్నాడు. మాకు ఇది కవిత్వం మాట మాత్రమే కాదు, నీతి మాట కూడా. "నాకలా వచ్చింది, రాశాను" అనేవాడు తన మాటకు తాను జవాబు చెప్పడు. "నాకలా అనిపించింది, కొట్టాను" అనేవాడూ అంతే. గునపం పట్టుకుని మసీదు గుమ్మటం ఎక్కినవాళ్లకూ ఆ రోజు స్ఫూర్తి కలిగే ఉంటుంది. మా కోపంలోంచి పుట్టే ప్రతి మాటా పవిత్రమని మేమంటే వాళ్లకూ మాకూ తేడా ఏముంది? మా ఇళ్లలో ఆడపిల్లల నోరు మూయించే మాటను కూడా అల్లా పేరుతోనే అంటున్నాం కదా. అది ఎవరు గుండెలో వేసిన మాట?

ఇంతకీ పెద్దాయన ప్రశ్నకు జవాబు బాకీ ఉంది. జిల్‌జాల్ సూరాలో భూమి కంపిస్తుంది. తన కబుర్లన్నీ తానే చెప్పేస్తుంది. ఎందుకంటే దాని ప్రభువు దానికి వహీ పంపాడు. 'జల్‌జలా' అన్న పేరు వింటే మాకు గుర్తొచ్చేది అదే. భూమికి ఎవరి మీదా పగ లేదు. తన మీద జరిగిందేదో అది చెబుతుంది, అంతే.

అయ్యా, మమ్మల్ని తోసిన చెయ్యి ఏదీ లేదు. మా మీద జరిగింది మేం చెబుతున్నాం. అది నిజమో కాదో చూడండి, తప్పుంటే పట్టుకోండి. మేమూ పట్టుకుంటాం. అలాగే తర్వాతి కవిని అడిగే ప్రశ్నే మమ్మల్నీ అడగండి. ఇద్దరినీ స్ఫూర్తి ఎక్కణ్ణుంచి అని అడిగినా సరే, ప్రేరణ ఎవరని అడిగినా సరే. మాట మాత్రం ఒకటే కావాలి.