పండులో మిగిలిన పచ్చి

గ్లాసు కడగబోయి ఆగాను. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. రాత్రి అడుగున మిగిలిన చుక్క ఎండిపోయి, ఇటుకపొడి రంగులో సన్నటి గీతై గాజుకు అంటుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పండు వాసన ఎక్కడా లేదు. టమాటా మొక్కకు నీళ్లు పోస్తూ ఆకు నలిపినప్పుడు వేళ్లకు అంటుకునే వాసన ఉంటుందే, అది ఉంది.

మా తమ్ముడి కొడుకు ఫ్రాన్సు నుంచి తెచ్చిన సీసా. బోర్డో ప్రాంతపు ఎర్ర వైను, 2004 పంట. ఇరవై ఏళ్లు ఎక్కడో చీకట్లో పడుకుని, చివరికి ఇచ్ఛాపురంలో మా డాబా మీద, బాహుదా వైపు నుంచి గాలి వీస్తుంటే మూత విప్పుకుంది. ఒక్క గుక్క చాలాసేపు నోట్లో ఉంచుకోమన్నాడు వాడు. ఉంచుకున్నాను. మొదట పులుపు. తర్వాత ఎండు రేగుపండు లాంటిదేదో. అవి రెండూ వెళ్లిపోయాక చిగుళ్ల దగ్గర వగరు, ఆ వగరు వెనకాల పచ్చిదనం.

మా అప్ప తాగలేదు. మా వైపు అక్కను అలాగే పిలుస్తాం. గ్లాసు అందుకుని వాసన మాత్రం చూసింది. "ఏట్రా ఇది, పచ్చిమిరపకాయ తుంచినట్టుంది" అంది.

అప్ప ముక్కు పొరబడలేదు. క్యాప్సికంలో ఆ వాసన ఏ పదార్థం వల్ల వస్తుందో, ఇలాంటి వైనుకు వాడే కాబెర్నే ద్రాక్షలోనూ అదే ఉంటుందట. పైరజీన్ అంటారు. లీటరు వైనులో గ్రాములో వందకోట్లవ వంతులు ఏ పదో పదిహేనో ఉన్నా మనిషి ముక్కు పట్టేస్తుంది. ఎండ బాగా తగిలిన గుత్తుల్లో అది తగ్గుతుంది, ఆకు నీడన పెరిగినవాటిలో మిగులుతుంది. అందుకే కొందరు రైతులు గుత్తుల చుట్టూ ఆకు దూసేస్తారు. ఆ వాసన ఉంటే ద్రాక్ష సరిగా పండలేదని తీసిపారేసేవాళ్లు ఉన్నారు. దాని కోసమే పాత సీసాలు వెతుక్కునేవాళ్లూ ఉన్నారు.

నన్ను రాత్రంతా పట్టుకున్న మాట మరొకటి. సీసాలో ఏళ్లు గడిచేకొద్దీ పండు వాసనలు ముందు వెళ్లిపోతాయి. ఊదా రంగు ఇటుక రంగుకు దిగుతుంది. వగరు మెత్తబడి, కొంత మడ్డిగా అడుగుకు చేరుతుంది. ఈ పచ్చి వాసన మాత్రం పెద్దగా తరగదు. పక్కనున్నవన్నీ తగ్గిపోయాక ఇదే పైకి తేలుతుంది.

పండడమంటే పచ్చిదనం పోవడమేనని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఎవరు చెప్పారో గుర్తులేదు. బహుశా ఎవరూ చెప్పలేదేమో.

శ్రీకాకుళం తీరంలోని మా ఉద్దానంలో పుట్టినవాడికి వగరు కొత్త కాదు. కవిటి దారిలో మాకు కాస్త జీడితోట ఉంది. ఎండలు ముదిరేసరికి చెట్ల కింద ఇసుక మీద ఎర్రవీ పసుపువీ జీడిపండ్లు రాలి పడి ఉంటాయి. పలాస జీడి బట్టీలకు కావలసింది పిక్క. బేరమంతా ఎనభై కిలోల బస్తా లెక్కన పిక్కకే. పండుకు ధర లేదు. ఒక్క రోజు ఆగితే మెత్తబడి పాడైపోతుంది, ఏ ఊరికీ పంపలేం. గోవాలో దీన్నే పిండి, పులియబెట్టి, ఫెనీ కాస్తారు. మా దగ్గర పిక్క మెలిపెట్టి తీసుకుని పండును అక్కడే వదిలేస్తారు. తోటంతా తియ్యటి పులిసిన వాసన.

చిన్నప్పుడు అప్ప ఆ పండును చక్రాలుగా కోసి ఉప్పు అద్ది ఇచ్చేది. కొరికితే రసం మోచేతి దాకా కారేది. తీపి ఒక్క క్షణం. వెంటనే నాలుకను ఎవరో లోపలికి లాగి పట్టుకున్నట్టు, గొంతు బిగుసుకునేది. ఆ బిగుతు టానిన్‌లదట. లాలాజలంలోని ప్రొటీన్లను అవి పట్టేసుకుంటే నోరు గరుకెక్కుతుంది. ఎర్ర వైనులో వగరుకూ కారణం ఇదే. ఎంత మాగిన జీడిపండైనా వగరు వదలదు. అయినా ఇంకో ముక్కకు చెయ్యి చాచేవాళ్లం. ఎందుకో ఇప్పటికీ తెలియదు. తీపి మాత్రమే ఉంటే ఆ పండు ఇంత గుర్తుండేదా అనిపిస్తుంది.

ఉగాది పచ్చడిలో వగరు కోసం మామిడి పిందె వేస్తాం. ఆరు రుచుల్లో అడిగి మరీ వడ్డించుకోనిది ఇదొక్కటే కావచ్చు. తీపి తనే పలకరిస్తుంది, కారం అరుస్తుంది. వగరు కోసం నాలుక కాసేపు ఆగాలి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి, పనస, ఉద్దానమంతా నేలకొరిగింది. మా తోటలో నాన్న నాటిన జీడిచెట్టు వేళ్లు సగం బయటపెట్టి పక్కకు ఒరిగింది. నరికించేద్దామనుకున్నాను. అప్ప ఒప్పుకోలేదు. కారణమేమీ చెప్పలేదు, "ఉండనీ" అంది అంతే. మరుసటి ఏడాది ఒరిగిన మొద్దు మీంచి నిట్టనిలువుగా ఒక చిగురు లేచింది. ముసలి బెరడు మీద అంత లేత ఆకు. ఆ రంగును ఆకుపచ్చ అనడానికి కూడా మనసొప్పలేదు, కొంచెం ఎరుపు కలిసి ఉండింది.

అప్పకు డెబ్బై ఎనిమిది. మోకాళ్లు సహకరించవు. చిన్నప్పుడు మామిడి పిందె ఇవ్వకపోతే మూతి ముడిచేది. ఇప్పటికీ కాఫీలో పంచదార తగ్గిస్తే అదే మూతి, అదే ముడవడం. మధ్యలో ఆమె మీదుగా ఎన్ని వెళ్లిపోయాయో నాకు తెలుసు. వెళ్లనిది ఇది.

వెలుగు వచ్చింది. వాకిట్లో ఊడుస్తున్న చప్పుడు. గ్లాసు ఇంకా నా చేతిలోనే ఉంది. కడిగితే ఆ గీత పోతుంది. జీడిపండు మరకైతే పోదు, నా పాత చొక్కాలన్నింటి మీదా ఉంది.

"ఏటి చేస్తున్నావురా అక్కడ?" అని వంటింట్లోంచి అప్ప కేక. ఈ ఏడు మొదటి పండ్లు రాలాయట, తోటకు వెళ్దామంటోంది. డబ్బాలో ఉప్పు పోస్తున్న చప్పుడు వినిపిస్తోంది.