పూటకూళ్ళవానికి ఇచ్చిన మాట



మంచి సమరీయుని కథ మనకు కొత్తది కాదు. గాయాలకు నూనె, ద్రాక్షరసం పోసి కట్టు కట్టాడనీ, తన వాహనం మీద ఎక్కించుకొన్నాడనీ జ్ఞానోపదేశం పిల్లలు కూడ చెబుతారు. ఆ తరువాతి సంగతి దగ్గర మన ప్రసంగాలు అంతగా ఆగవు. మరునాడు ఆయన పూటకూళ్ళవాని చేతిలో రెండు దీనారాలు పెట్టాడు. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తానే తీరుస్తానన్నాడు (లూకా 10:35). ఒక దీనారమంటే ఆనాటి కూలివాని ఒకరోజు కూలి. గమనించండి, సమరీయుడు ఆ మనిషికి కొత్త ఇల్లు కట్టించలేదు. ఉన్న ఇంటిలోనే చోటు ఇప్పించి, ఇంటివానికి నష్టం రాకుండ తాను పూచీ పడ్డాడు.

మన నెల్లూరు తీరంలో ఈనాడు కరువైనది ఆ పూచీయే. కృష్ణపట్నం ఓడరేవు 2008లో పని మొదలుపెట్టింది. ఆ ప్రాంతంలో విద్యుత్ కేంద్రాలు, నూనె కర్మాగారాలు లేచాయి. ఒడిశా నుండి, బీహారు నుండి కూలికి వచ్చినవారున్నారు. రొయ్యల గుంతల గట్ల మీద కాపలా గుడిసెల్లో పిల్లలతో కాలం గడిపే యానాది కుటుంబాలున్నాయి. వీరు బాడుగ ఇంటికి వస్తే మొదటి ప్రశ్న అడ్వాన్సు, రెండవది పూచీ ఎవరని. మూడవది, “మీరేమిటోళ్ళు?” ఈ మూడవ ప్రశ్న నెల్లూరులోనూ చెన్నపట్నంలోనూ మన బిడ్డలకు ఎదురైనప్పుడు ఎంత నొచ్చుకొంటామో నాకు తెలుసు. అదే ప్రశ్న మన అరుగుల మీదినుండి మనమే అడగటమూ చూస్తున్నాను.

అయినా ఇంటివారిని తిట్టి లాభం లేదు. ఆ బాడుగతోనే మందులు కొనుక్కొనే ఒంటరి తల్లులు మన విచారణలలోనే ఉన్నారు. రెండు నెలలు గది ఖాళీగా పడితే వారికి పొయ్యి వెలగదు.

దీనికి మనవారికి బాగా తెలిసిన ఉపాయమే ఒకటుంది. రొయ్యల గుంతలను లీజుకు, పెద్దల మాటలో గుత్తకు, ఎట్లు ఇస్తారో చూడండి. ఒకాయన నలుగురి గుంతలు కలిపి ఎకరాకు ఇంతని కొన్నేళ్ళకు మాట్లాడుకొంటాడు. తెల్లమచ్చ తెగులు వచ్చి పంట పోయినా, గుంత ఎండినా, ఒప్పుకొన్న గుత్త యజమానికి కట్టవలసినదే. ఇండ్ల విషయంలోనూ ఇదే పద్ధతి పెట్టవచ్చు. ఒక సంఘం భవనం మొత్తాన్ని ఐదేండ్లకో పదేండ్లకో తీసికొంటుంది. గది నిండినా ఖాళీగా ఉన్నా యజమానికి నెలనెలా సొమ్ము ముట్టజెబుతుంది. మరమ్మతులు చూసుకొంటుంది. అంత నిశ్చింత దొరికినప్పుడు యజమాని కాస్త తక్కువకే ఒప్పుకోవచ్చు. ఆ తగ్గింపే పేదవాని బాడుగలో తగ్గాలి.

పునీత తోమాసు అక్వినాసుగారు ఆస్తి విషయంలో నిర్వహణ వేరు, వాడుక వేరు అన్నారు. ఆస్తిని సొంతంగా సంపాదించి నడుపుకోవచ్చు. వాడుక దగ్గరకు వచ్చేసరికి అవసరంలో ఉన్నవారితో పంచుకోవటానికి సిద్ధపడాలి. పదమూడవ శతాబ్దపు మాట ఇది. గుత్త కాగితంలో చక్కగా ఇముడుతుంది.

అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో టెండర్లాయిన్ హౌసింగ్ క్లినిక్ అనే సంస్థ 1999 నుండి పాత హోటళ్ళను మొత్తంగా లీజుకు తీసికొని, ఇల్లులేనివారికి గదులు ఇస్తున్నది. మన దేశంలో 2020 లాక్‌డౌనులో వలస కూలీలు కాలినడకన ఇండ్లకు మళ్ళిన తరువాత, అదే జూలైలో కేంద్ర ప్రభుత్వం ఒక బాడుగ ఇండ్ల పథకం ఆమోదించింది. ప్రభుత్వ సొమ్ముతో కట్టి ఖాళీగా పడివున్న ఇండ్లను 25 ఏండ్ల ఒప్పందం మీద ఒక సంస్థకు అప్పగిస్తే, అది బాగుచేసి కూలీలకు బాడుగకు ఇవ్వాలి. చండీగఢ్, సూరత్ వంటి చోట్ల ఇది జరిగింది. కాని దేశంలో అట్లు మారిన ఇండ్లు కొన్ని వేలే.

ఇందులో ప్రమాదమూ ఉంది. మొత్తం తీసికొన్నవాడు ఆశపోతైతే, బాడుగ ఇల్లు కాస్తా కూలీల దొడ్డి అవుతుంది. మన సరిహద్దు ఆవల శ్రీపెరంబుదూరు ఫ్యాక్టరీలో ఫోన్లు తయారుచేసే ఆడబిడ్డలు 2021 డిసెంబరులో హాస్టలు తిండి తిని జబ్బుపడి, రోడ్డెక్కారు. గదుల్లో కిక్కిరిసి, నేలమీద పడుకొంటున్న సంగతి అప్పుడుగాని లోకానికి తెలియలేదు. 2024 ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం అక్కడ 18,720 మందికి వసతి భవనాలు తెరిచింది. కనుక ఎవరు గుత్తకు తీసికొంటారు, గదికి ఎందరిని పెడతారు, బాడుగ ఎంతకు మించరాదు అన్నవి ముందే వ్రాసుకోవాలి. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలి. ఇతరులకు బాడుగకు ఇచ్చుకోవచ్చునని యజమాని అందులో వ్రాసి ఇవ్వాలి. నోటి మాట చాలదు.

మా విచారణలో పది గదులతో మొదలు పెడదామనుకొంటున్నాం. గది ఒక్కింటికి నెలకు 2,000 రూపాయలనుకొందాం. ఎప్పుడూ రెండు గదులు ఖాళీయేనని లెక్కించినా, మనం భరించవలసినది 4,000. ఎనభై కుటుంబాలు పంచుకొంటే ఇంటికి 50 రూపాయలు. వచ్చే ఆదివారం పూజ తరువాత ఈ లెక్కనే విచారణ సలహా సంఘం ముందు పెడుతున్నాను. మేడ మీద వాటా ఖాళీగా ఉన్నవారు, దస్తావేజు పని తెలిసినవారు కాసేపు ఆగి వెళ్ళండి.